స్పే అయిన ఆడకుక్క మళ్ళీ హీట్‌కి వచ్చినట్టుంటే: చెన్నైలోని మనవాళ్ళకి ఒక సమగ్ర మార్గదర్శి

స్పే, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లో రెండు అండాశయాలూ పూర్తిగా తీసేసిన ఆడకుక్క మళ్ళీ హీట్‌కి, అంటే ఎదకి, రాదు. హీట్‌ని నడిపించే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ప్రధానంగా తయారయ్యేది అండాశయాల్లోనే. అందుకని ఆపరేషన్ అయిన ఏడాదికో, నాలుగేళ్ళకో మీ కుక్క వెనక భాగం వాచి, వీధిలోని మగకుక్కలన్నీ మీ గేటు దగ్గర కాపలా మొదలుపెడితే దానికి కారణం ఉంటుంది. నూటికి తొంభై పాళ్ళు అది ఈ మూడింట్లో ఒకటి: కడుపులో అండాశయం ముక్క ఎక్కడో మిగిలి ఉండాలి, బయటి నుంచి హార్మోన్ ఒంట్లోకి వెళుతూ ఉండాలి, లేదా మీరు చూస్తున్నది అసలు హీటే కాకపోవాలి. ముక్క మిగలడాన్ని డాక్టర్లు ఒవేరియన్ రెమ్నెంట్ సిండ్రోమ్ అంటారు. క్లినిక్‌లో మాటల్లో ‘రెమ్నెంట్’ అంటే చాలు.

ఈ మూడింట్లో ఏదో తేల్చడం పెద్ద కష్టమేమీ కాదు, సమయానికి వెళితే. చిక్కంతా అక్కడే. పెరంబూరు, కొళత్తూరు, వేళచ్చేరి ఎక్కడైనా సరే, మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా జరిగేది ఇది: వాపు కనిపిస్తుంది, రెండు చుక్కల రక్తం కనిపిస్తుంది, వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. సగం మంది "ఆపరేషన్ అయింది కదా, ఏం కాదులే" అంటారు, మిగతా సగం "ఆపరేషన్ ఫెయిలైంది" అని తేల్చేస్తారు. ఈ చర్చ తెమిలేలోపు మూడు వారాలు గడిచి వాపు తగ్గిపోతుంది. అప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళితే ఆయన ముందున్నది మామూలు కుక్క. కంటితో చూసి తేల్చడానికి ఏమీ మిగలదు. కాబట్టి కింద చెప్పేవాటిలో ఇంకేది మర్చిపోయినా పర్లేదు, లక్షణాలు ఉండగానే కుక్కని చూపించాలన్నది మాత్రం మర్చిపోకండి.

ముందు ఇది చూడండి: ఈ రోజే పరుగెత్తాల్సిన కేసా?

కారుతున్నది చీములా చిక్కగా, పసుపుగా, గోధుమ రంగులో, దుర్వాసనతో ఉంటే హీట్ గురించిన ఆలోచన పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. స్పే ఆపరేషన్‌లో గర్భసంచిని చివరి దాకా కోసినా, గర్భాశయ ముఖద్వారం దగ్గర చిన్న మొదలు (స్టంప్) మిగులుతుంది. అండాశయం ముక్క కూడా మిగిలి ఉంటే అది తయారుచేసే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ వల్ల ఆ మొదలులో చీము పట్టవచ్చు. దీన్ని స్టంప్ పయోమెట్రా అంటారు. దీనితో పాటు తిండి మానేయడం, వాంతులు, నీరసం, జ్వరం, విపరీతమైన దాహం ఉండవచ్చు. కుక్క మామూలు ఒంటి వేడి దాదాపు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. దాహం సంగతి అనుమానంగా ఉంటే రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతోందో కొలవండి. కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటితే అది ఎక్కువే. పదిహేను కిలోల కుక్క రోజుకి లీటరున్నర పైన తాగుతోందంటే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

చిగుళ్ళు తెల్లబారినా, ముక్కు నుంచి కూడా రక్తం వచ్చినా, పొట్ట చర్మం మీద చిన్న చిన్న ఎర్రటి మచ్చలు కనిపించినా అదీ అదే రోజు చూపించాల్సిన సంగతే. చెన్నైలో గోమార్లు లేని నెలంటూ ఉండదు. అవి అంటించే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోయి ఎక్కడినుంచైనా రక్తం కారవచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎలకల మందు పెట్టి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. దానివల్లా రక్తం గడ్డకట్టకుండా పోతుంది.

ఇవేవీ లేకుండా, కుక్క తింటూ, ఆడుతూ, తోక ఊపుతూ ఉంటే నింపాదిగా కింది అడుగులు వేయండి. నింపాదిగా అంటే రెండు మూడు రోజుల్లో అని, రెండు మూడు నెలల్లో అని కాదు.

ఆపరేషన్ కాగితం వెతకండి

ఎప్పుడు చేశారు, ఏం తీశారు అన్నవి కావాలి. మన దేశంలో ఎక్కువగా అండాశయాలూ గర్భసంచీ రెండూ తీస్తారు. కొందరు, ముఖ్యంగా ల్యాప్రోస్కోపీలో, అండాశయాలు మాత్రమే తీస్తారు. ఈ రెండు పద్ధతుల్లోనూ హీట్ రాకూడదు. అరుదుగా గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలని కావాలనే ఉంచేసే ఆపరేషన్ కూడా ఉంది. అది చేసిన కుక్క ఎప్పటిలాగే హీట్‌కి వస్తుంది, అందులో తప్పేమీ లేదు. డిశ్చార్జ్ కాగితం మీద ఏం రాసి ఉందో చూస్తే ఈ గందరగోళం పోతుంది.

వీధి నుంచి తెచ్చుకున్న కుక్కలకి కాగితం ఉండదు. చెవి చివర ‘వి’ ఆకారంలో గాటు ఉంటే అది జంతు జనన నియంత్రణ కార్యక్రమంలో ఆపరేషన్ అయిన కుక్క అని గుర్తు. 2001 నాటి నిబంధనల స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి, చెవి గుర్తు పద్ధతి మాత్రం కొనసాగుతోంది. అయితే వీధి కొట్లాటలో చిరిగిన చెవిని చూసి "ఆపరేషన్ అయిన కుక్కే" అనుకున్నవాళ్ళూ ఉన్నారు. చెవి మీద అనుమానం ఉంటే పొట్ట మీదో పక్కనో పాత కుట్టు గీత ఉందేమో డాక్టర్‌ని బొచ్చు తీసి చూడమనండి. సంస్థ నుంచి దత్తత తీసుకుని ఉంటే, ఉదాహరణకి 1959లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా లాంటిదైతే, తేదీ చెప్పి రికార్డు అడగవచ్చు.

ఆపరేషన్ అయి నెల కూడా కాకపోతే లెక్క వేరు. హీట్‌లో ఉండగా ఆపరేషన్ చేస్తే కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా మగకుక్కలు వాసన పట్టి వస్తూనే ఉంటాయి. హీట్ అయిపోయిన తరవాతి రెండు నెలల్లో చేస్తే ప్రొజెస్టరాన్ ఒక్కసారిగా పడిపోయి, పాలు వచ్చేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరుగుతుంది. అప్పుడు రొమ్ములు ఉబ్బి పాలు వస్తాయి, కుక్క బొమ్మని పిల్లలా నోట కరుచుకుని మంచం కిందకి దూరుతుంది. దాన్ని చూసి ముక్క మిగిలిందని భయపడకండి, డాక్టర్‌కి మాత్రం చెప్పండి.

ఇంట్లో గమనించడం: ఏం చూడాలి, ఎలా రాయాలి

ఈ భాగం మీరు ఎంత బాగా చేస్తే డాక్టర్ పని అంత తేలికవుతుంది. "చివరిసారి ఎప్పుడు కనిపించిందమ్మా?" అని ఆయన అడిగితే "మొన్నీమధ్యే డాక్టర్ గారూ" అనడం మన అలవాటు. ఆ జవాబుతో ఆయన చేయగలిగేది ఏమీ లేదు. ఒక నోటుబుక్కో, ఫోన్‌లో క్యాలెండరో తెరిచి తేదీలు వేయండి.

మొదటిది వాపు. స్పే అయిన కుక్క యోని చిన్నగా, ముడుచుకుని ఉంటుంది. మొదటి హీట్ రాకముందే ఆపరేషన్ అయితే మరీ చిన్నగా ఉంటుంది. హీట్‌లో అది ఉబ్బి రెండు మూడింతలవుతుంది. మొదటి వారం బిగువుగా, తరవాత కాస్త మెత్తగా అవుతుంది. రోజూ పొద్దున వాకింగ్‌కి ముందు, ఒకే చోట, ఒకే దూరం నుంచి ఫోటో తీయండి. ఇలాంటి ఫోటోలు గ్యాలరీలో పెట్టుకోవడానికి చాలామందికి మొహమాటం. డాక్టర్‌కి మాత్రం నాలుగు మాటలకన్నా ఈ నాలుగు ఫోటోలే ఎక్కువ చెబుతాయి.

రెండోది రక్తం. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఆపరేషన్ కాని కుక్కలో హీట్ రక్తం ప్రధానంగా గర్భసంచి నుంచి వస్తుంది. గర్భసంచి తీసేసిన కుక్కలో రెమ్నెంట్ వల్ల హీట్ వచ్చినా రక్తం చాలా తక్కువగా ఉండవచ్చు, అసలే ఉండకపోవచ్చు. కాబట్టి "రక్తం లేదు, అంటే హీట్ కాదు" అన్న లెక్క చెల్లదు. పైగా కొన్ని కుక్కలు మహా శుభ్రం, చుక్క కింద పడనివ్వకుండా నాకేసుకుంటాయి. అది పడుకునే చోట పాత తెల్ల పంచె పరవండి. పొద్దున లేవగానే, అది నాక్కోకముందే తెల్ల టిష్యూతో మెత్తగా అద్ది రంగు రాసుకోండి: ఎరుపు, లేత గులాబీ, గడ్డి రంగు, ఏమీ లేదు. వాసన ఉందో లేదో కూడా రాయండి.

మూడోది తోక. తోక మొదలు దగ్గర నడుం మీద గీరితే హీట్‌లో ఉన్న కుక్క తోకని పక్కకి తిప్పి, వెనక కాళ్ళు బిగించి కదలకుండా నిలబడుతుంది. స్పే అయిన కుక్క మామూలుగా అయితే గీరినందుకు ఆనందపడి వంకర్లు తిరుగుతుంది, అంతే. తోక తిప్పడం హీట్ మొదటి వారంలో ఉండకపోవచ్చు. మగకుక్కలు మూగుతున్నా అది వాటిని కసిరి తరిమేస్తుంది. రెండో వారంలో నిలబడనిస్తుంది. ఈ రెండు దశలూ ఒక్కోటి సగటున తొమ్మిది రోజులు, కానీ కుక్క కుక్కకీ చాలా తేడా ఉంటుంది.

మగకుక్కల ఆసక్తి ఒక్కటే ఉంటే దాన్ని ఋజువుగా తీసుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, యోనిలో వాపు ఉన్నా కూడా అవి వచ్చి మూతి పెట్టి వాసన చూస్తాయి. అక్టోబరు మధ్యలో వచ్చే చిత్తకార్తెకీ వీధికుక్కల గోలకీ మన ఊళ్ళలో ఎప్పటినుంచో ముడి పెడతారు. ఈశాన్య రుతుపవనం దిగే ముందు చెన్నై సందుల్లోనూ అదే తంతు. ఆ నెలలో మగకుక్కలు ప్రతి గేటునీ పలకరిస్తాయి, మీ ఒక్క గేటునే కాదు. ఇక ఇంట్లో పెరిగే కుక్క కార్తెలు చూసుకోదు, ఏ నెలలోనైనా హీట్‌కి రావచ్చు.

దిండు మీదో, అతిథి కాలి మీదో ఎక్కి ఊగడం హీట్ లక్షణం కింద లెక్క కాదు. స్పే అయిన ఆడకుక్కలు కూడా ఉత్సాహం వచ్చినా, టెన్షన్ పడ్డా, ఏమీ తోచకపోయినా ఆ పని చేస్తాయి.

నాలుగోది తిరిగి రావడం. నిజమైన హీట్ రెండు మూడు వారాలుండి దానంతటదే తగ్గుతుంది, మళ్ళీ ఆరు ఏడు నెలలకి వస్తుంది. కొన్నిటికి నాలుగు నెలలకే, కొన్నిటికి ఏడాదికోసారే. తగ్గిన నెలన్నర, రెండు నెలలకి రొమ్ములు ఉబ్బడం, పాలు రావడం, బొమ్మని దాచుకుని కాపలా కాయడం కనిపిస్తే రెమ్నెంట్ అనుమానం బాగా బలపడుతుంది. అండాశయ కణజాలం ఉంటేనే హీట్ తరవాత ఆ రెండో అంకం ఉంటుంది. తెరిపి లేకుండా నెలల తరబడి కారుతూనే ఉంటే మాత్రం మామూలు హీట్ అనుకోవడానికి వీల్లేదు.

హీట్‌లా కనిపించేవి

పడుకున్న చోట తడి కనిపించి, కుక్కకి ఆ సంగతే తెలియనట్టుంటే అది మూత్రం కారడం. స్పే అయిన ఆడకుక్కల్లో, ముఖ్యంగా పెద్ద జాతుల్లో, మూత్రనాళం బిగువు సడలి నిద్రలో ఇలా అవుతుంది. మందులతో బాగా అదుపులోకి వస్తుంది. దీనికి వాడే మందుల్లో ఎస్ట్రియోల్ ఒకటి. అది ఈస్ట్రోజన్ రకమే కాబట్టి అది వాడుతున్న కుక్కలో కొద్దిగా వాపు, మగకుక్కల ఆసక్తి కనిపించవచ్చు. వాడుతున్న మందుల పట్టీ మొత్తం డాక్టర్ ముందు పెట్టండి.

మాటిమాటికీ కూర్చుని కొంచెం కొంచెంగా పోస్తూ, మధ్యలో ఎర్ర చుక్క పడితే మూత్రంలో ఇన్‌ఫెక్షనో రాళ్ళో ఉండవచ్చు. అయితే హీట్‌లో కూడా కుక్క ప్రతి స్తంభం దగ్గరా ఆగి కొద్దికొద్దిగా పోస్తుంది. ఇంట్లో దీన్ని విడదీయడం కుదరదు, మూత్ర పరీక్ష చేయించాల్సిందే. యోని లోపలి వాపు, అంటే వెజైనైటిస్ అయితే జిగటగా కారుతూ, కుక్క అస్తమానం నాక్కుంటూ ఉంటుంది.

వీధి జీవితం చూసి వచ్చిన కుక్కల విషయంలో టీవీటీని మర్చిపోకూడదు. ఇది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి కలిసినప్పుడు అంటుకునే కణితి, మన వీధికుక్కల్లో సాధారణం. యోనిలోంచి కాలీఫ్లవర్ ముక్కలా ఎర్రగా, తాకితే చిట్లేలా కండ బయటికి కనిపిస్తుంది, రక్తం చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంటుంది. స్పే కాకముందే అంటుకుని, ఆపరేషన్ తరవాత నెలలకి బయటపడవచ్చు. పేరు విని బెంబేలెత్తకండి. వారానికొకసారి ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లకి చాలా కుక్కల్లో పూర్తిగా తగ్గిపోతుంది.

ఇక ఎవరూ ఊహించని కారణం ఒకటుంది: ఇంట్లోవాళ్ళ హార్మోన్ మందు. నెలసరి ఆగిన తరవాత కొందరు ఆడవాళ్ళు ఈస్ట్రోజన్ జెల్, స్ప్రే, క్రీమ్ వాడతారు. చేతికి రాసుకుని, అదే చేతితో కుక్కని ఒళ్ళో పెట్టుకుంటారు, అది ఆ చేయి నాకుతుంది. స్పే అయిన కుక్కలో యోని వాపు, చనుమొనలు పెద్దవవడం ఇలా కూడా వస్తాయి. ఇది ఊహ కాదు. చేతికి కొట్టుకునే ఒక ఈస్ట్రోజన్ స్ప్రే వల్ల పిల్లలకీ పెంపుడు జంతువులకీ ఇలాంటి ఇబ్బందులు వచ్చాయని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. మన ఇళ్ళలో ఈ ప్రశ్న అడగడమే ఇబ్బంది. "అత్తయ్యా, మీరు చేతికి రాసుకునే మందు ఏదైనా ఉందా? కుక్క నాకితే దానికి పడదంట" అని మందు మీదకి కాకుండా కుక్క మీదకి తోసి అడిగితే తేలిగ్గా చెబుతారు. ఉందని తేలితే డాక్టర్‌కి చెప్పండి. మందు వాడే మనిషి దాన్ని మానేయాల్సిన పనిలేదు. కుక్కకి అందని చోట రాసుకుని, పైన బట్ట కప్పుకుని, చేతులు కడుక్కుంటే చాలు. కారణం అదే అయితే కొన్ని వారాల్లో వాపు తగ్గుతుంది, ఆపరేషన్ టేబుల్ దాకా వెళ్ళే అవసరమే ఉండదు.

మొదటి విజిట్: వాపు బాగా ఉన్న రోజుల్లో

లక్షణాలు మొదలైన వారం నుంచి పన్నెండు రోజుల మధ్య, తోక తిప్పడం మొదలైనప్పుడు వెళితే మేలు. అడగాల్సిన పరీక్ష వెజైనల్ స్మియర్. సెలైన్‌లో ముంచిన సన్నని దూది పుల్లని లోపల తిప్పి, గాజు పలక మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. నిమిషాల్లో అయిపోతుంది, కుక్కకి నొప్పి ఉండదు, ఖర్చూ తక్కువ. ఈస్ట్రోజన్ ప్రభావం ఉంటే యోని గోడ మందమై, పైపొర కణాలు పెద్దగా, పలచగా, మూలలు తేలి కనిపిస్తాయి. హీట్ మధ్యలో దాదాపు అన్నీ అలాంటివే ఉంటాయి. అండాశయాలు లేని కుక్కలో చిన్న గుండ్రటి కణాలుంటాయి. అంటే కుక్క ఈస్ట్రోజన్ ప్రభావంలో ఉందా లేదా అన్నది ఆ రోజే తెలిసిపోతుంది. ఆ ఈస్ట్రోజన్ ఎక్కడిదన్నది మాత్రం స్మియర్ చెప్పదు. మరీ తొందరగా వెళ్ళి ఫలితం అటూ ఇటూగా ఉంటే మూడు నాలుగు రోజులకి మళ్ళీ చేయమనండి.

వెళ్ళే ముందు ఆ భాగాన్ని డెట్టాల్ పెట్టి కడగడం, పసుపు రాయడం, మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయడం చేయకండి. ఉన్న ఆనవాళ్ళు చెరిగిపోతాయి.

దగ్గర్లోని క్లినిక్‌లో స్మియర్ చదివే అలవాటు లేకపోతే వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. 1903లో మొదలైన కాలేజీ. ఉమ్మడి మద్రాసు రోజుల్లో మన జిల్లాల పశువైద్యులూ అక్కడే చదువుకున్నారు. పునరుత్పత్తి వైద్యానికి అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి, క్యూ తప్పదు. హీట్ వాసనతో ఉన్న కుక్కని మగకుక్కల మధ్య గంటసేపు కూర్చోబెట్టడం అందరికీ నరకం కాబట్టి ఇద్దరు వెళ్ళండి, ఒకరు క్యూలో నిలబడితే ఒకరు కుక్కతో దూరంగా చెట్టు నీడలో ఉండవచ్చు. కుక్కని అన్ని ఆటోల్లోనూ ఎక్కించుకోరు, ముందురోజే మాట్లాడుకోండి. తమిళం రాకపోయినా దిగులు లేదు, తేదీలు వేసిన మీ నోటుబుక్కూ ఫోటోలూ చూపిస్తే సగం మాట్లాడినట్టే.

రెండో విజిట్: తగ్గిన తరవాత రక్తపరీక్ష

వాపు తగ్గిన రెండు మూడు వారాలకి ప్రొజెస్టరాన్ పరీక్ష చేయించాలి. ఎక్కువమంది "తగ్గిపోయింది కదా" అని మానేసేది ఈ విజిట్‌నే. నా దృష్టిలో ఇదీ మొదటిదంత ముఖ్యమే. కుక్కల్లో జత కట్టినా కట్టకపోయినా అండం విడుదలవుతుంది, ఆ తరవాత రెండు నెలల పాటు అండాశయం ప్రొజెస్టరాన్ తయారు చేస్తుంది. ఫలితం మిల్లీలీటర్‌కి 2 నానోగ్రాముల కన్నా ఎక్కువ ఉంటే, బయటి నుంచి ఆ హార్మోన్ ఏదీ ఇవ్వలేదంటే, పనిచేసే అండాశయ కణజాలం లోపల ఉన్నట్టే. చేతి జెల్ వల్ల వచ్చిన వాపైతే ప్రొజెస్టరాన్ పెరగదు. మొదటి విజిట్‌లో తేలని ప్రశ్న ఇలా తేలుతుంది. రిపోర్టులో కొలత ఏ యూనిట్లో ఉందో చూసుకోండి. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి. 2 నానోగ్రాములంటే అక్కడ దాదాపు 6.4.

లక్షణాలన్నీ పోయాక వెళ్ళినవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఏఎంహెచ్ అనే హార్మోన్ అండాశయ కణజాలంలోనే తయారవుతుంది, హీట్‌తో పని లేకుండా రక్తంలో చూడవచ్చు. ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ పరీక్ష దీనికి తలకిందులు: అండాశయాలు లేని కుక్కలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది, కాబట్టి తక్కువగా ఉందంటే అండాశయం ఉందని అనుమానించాలి. కుక్కల నమూనాకి ఈ పరీక్షలు చేసే ల్యాబుతో మీ డాక్టర్‌కి ఒప్పందం ఉందేమో అడగండి.

అల్ట్రాసౌండ్ చేయించండి గానీ దాని మీదే ఆధారపడకండి. మిగిలిన ముక్క బఠాణీ గింజంత కూడా ఉండకపోవచ్చు. కిడ్నీ వెనక కొవ్వులో అది కనబడటం చూసేవారి చేయి మీద, హీట్ దశ మీద ఆధారపడుతుంది. స్కాన్‌లో ఏమీ కనబడలేదంటే ముక్క లేదని కాదు. గర్భసంచి మొదట్లో చీము ఉందా అన్నది చూడ్డానికి మాత్రం స్కాన్ చాలా ఉపయోగం.

ఈ లోపు ఇంట్లో

గర్భసంచి తీసేసిన కుక్కకి కడుపు రాదు. అయినా మగకుక్కని దగ్గరికి రానివ్వకండి. కలిసినప్పుడు చిరగడం, గాయాలు, ఇన్‌ఫెక్షన్, టీవీటీ అన్నీ ఉన్నాయి. ఒకవేళ జత కట్టి అతుక్కుపోతే నీళ్ళు కొట్టి, కర్రతో బెదిరించి విడదీయకండి, రెండిటికీ దెబ్బలు తగులుతాయి. అదే విడిపోతుంది. వాకింగ్‌కి వీధి సద్దుమణిగే వేళలు చూసుకోండి, మెడపట్టీ కన్నా ఛాతీకి వేసే హార్నెస్ మేలు. వాచ్‌మెన్‌కి "అన్నా, గేటు మూసే ఉంచండి" అని ఒక మాట చెప్పి ఉంచండి. డైపర్ వేస్తే చెన్నై ఉక్కకి రెండు మూడు గంటలకోసారి తీసి గాలి తగలనివ్వాలి, లేకపోతే తొడల దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది.

హీట్ ఆపే ఇంజెక్షన్ వేయిస్తానని ఎవరైనా ముందుకొస్తే వద్దనండి. అవి ఎక్కువగా ప్రొజెస్టరాన్ రకం మందులు. మిగిలిన గర్భసంచి మొదట్లో చీము పట్టడానికీ, రొమ్ము గడ్డలకీ, షుగర్‌కీ దారి తీయవచ్చు. పైగా రక్తపరీక్ష ఫలితాన్నీ చెడగొడతాయి.

రెమ్నెంట్ అని తేలితే

మందు లేదు, మళ్ళీ కడుపు తెరిచి ముక్క తీయడమే. అలాగే వదిలేస్తే ప్రతి హీట్‌తో పాటు స్టంప్ పయోమెట్రా, రొమ్ము కణితుల ప్రమాదం వెంట ఉంటుంది. ఆ ముక్కలోనే కణితి పుట్టిన కేసులూ ఉన్నాయి. ముసలి కుక్కకో, గుండె జబ్బున్న కుక్కకో మత్తు ఇవ్వడం ఎక్కువ ప్రమాదమని డాక్టర్ అంటే ఆలోచించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి వాయిదా వేయడంలో లాభం నాకు కనిపించదు.

పాత డాక్టర్ మీద చాలామందికి కోపం వస్తుంది, సహజం. కుడి అండాశయం ఎడమదానికన్నా ముందుకి, పక్కటెముకల కిందకి, లోతుగా ఉంటుంది. ఛాతీ లోతైన కుక్కల్లో, లావు కుక్కల్లో దాన్ని పూర్తిగా పైకి లాగడం కష్టం. తీసేటప్పుడు చిన్న తునక జారిపడినా అది కడుపులోని పొరకి అంటుకుని, రక్తనాళాలు పెంచుకుని మళ్ళీ పని మొదలుపెట్టగలదు. అనుభవమున్న చేతుల్లోనూ ఇది జరుగుతుంది. పాత రికార్డులు మర్యాదగా అడిగి తీసుకోండి. రెండో ఆపరేషన్ మాత్రం ఇలాంటివి తరచు చేసే సర్జన్‌తోనే చేయించండి, కాస్త ఎక్కువ ఖర్చయినా సరే. మొదటిదానికన్నా ఇది ఎప్పుడూ కష్టమైనదే.

ఎప్పుడు చేయాలన్నది సర్జన్ చెబుతారు. చాలామంది హీట్ తగ్గిన కొన్ని వారాలకి, ప్రొజెస్టరాన్ ఎక్కువగా ఉన్నప్పుడు చేయడానికి ఇష్టపడతారు. అప్పుడు ముక్క ఉబ్బి కంటికి కనబడుతుంది, హీట్‌లో ఉన్నంత రక్తస్రావమూ ఉండదు. ఏ దశా కాని నెలల్లో తెరిస్తే వెతుక్కోవడమే సరిపోతుంది. ముందు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూడటం, టిక్ ఫీవర్ పరీక్ష చేయించడం ఈ ఊళ్ళో తప్పనిసరి అనుకోండి.

సర్జన్‌ని ఇవి అడగండి: ఒక పక్క ముక్క దొరికినా రెండో పక్క కూడా చూస్తారా? గర్భసంచి మొదలు చూస్తారా? తీసిన కణజాలాన్ని హిస్టోపాథాలజీకి, అంటే ల్యాబులో మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకి, పంపుతారా? ఈ చివరిదానికి ఖర్చు వేరుగా ఉంటుంది, అక్కడ మాత్రం పొదుపు చేయకండి. తీసింది నిజంగా అండాశయమేనా, లేక మచ్చ కణజాలమో కొవ్వు గడ్డో అన్నది కంటితో చూసి ఖాయంగా చెప్పలేరు.

ఇంటికొచ్చాక మొదటి స్పేకి తీసుకున్న జాగ్రత్తలే: మెడకి కోన్, పది పద్నాలుగు రోజులు గెంతులు వద్దు, స్నానం వద్దు, గాయం తడవకూడదు. ప్రొజెస్టరాన్ దశలో చేసి ఉంటే కొన్ని రోజులకి పాలు రావచ్చు. పిండకండి, పిండితే ఇంకా వస్తాయి. వాపు ఏమైనా మిగిలి ఉంటే కొన్ని వారాల్లో తగ్గుతుంది.

హిస్టోపాథాలజీ రిపోర్టులో అండాశయ కణజాలం ఉందని వస్తే దాని కాపీ టీకాల పుస్తకంలో పెట్టండి. లేదని వస్తే నెల తరవాత ప్రొజెస్టరాన్ మళ్ళీ చూడాలా, ఏఎంహెచ్ చేయాలా అని డాక్టర్‌తో అప్పుడే మాట్లాడుకోండి. రెండిట్లో ఏదైనా సరే, మీ నోటుబుక్కు ప్రకారం తరవాతి హీట్ రావాల్సిన నెలని క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఆ నెలంతా పొద్దుటి టిష్యూ పరీక్ష కొనసాగించండి.